నేలమీది వైమానికుడు

(చార్లీ టేలర్ జయంతి దినమైన మే 24న బంజారా హిల్స్‌లో చదివిన స్మారకోపన్యాసము)

బేగంపేట హ్యాంగర్లలో యౌవనమంతయు గడపి నేడు విశ్రాంతులైన పెద్దలారా, వారి గృహిణులారా, బిడ్డలారా,

మహాకవుల జయంతులకును మహానాయకుల వర్ధంతులకును మాత్రమే అలవాటుపడిన మన సభామర్యాదలో, ఆయుష్కాలమంతయు నూనెమరకల నడుమ గడపిన ఒక మెకానిక్కు పేర స్మారకోపన్యాసము జరుపవలెనని సంకల్పించి, ఆ భారమును నాపై నుంచిన నిర్వాహకులకు కృతజ్ఞుడను. మనము స్మరించుచున్న చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్, లోకము చార్లీ యని పిలిచినవాడు, తెలుగువాడు కాడు. 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున పుట్టి, 1956 జనవరి 30న, 87 ఏండ్ల వయస్సున, కాలిఫోర్నియాలో కన్నుమూసినవాడు. అయినను, ఈ కొండ దిగి పంజగుట్ట దాటి అమీర్‌పేట మీదుగా పోయినచో ఎంతో దూరము లేని బేగంపేట విమానాశ్రయమున, రేకుల కప్పుల క్రింద రాత్రులకు రాత్రులు తెల్లవార్చిన మన పెద్దలందరికిని ఆయన వృత్తిలో ఆదిపురుషుడు. రైట్ సోదరులు ఎగిరిన మొదటి విమానమునకు ఇంజను చేసినవాడాయన. ఆయనకు ముందు విమాన మెకానిక్కు అను వృత్తియే లోకమున లేదు.

చరిత్ర జరిగినదానిని వ్రాయును. ఫలానా దినమున ఫలానావాడు ఎగిరెననియు, ఫలానా చోట ఫలానా విమానము కూలెననియు అందు నమోదగును. విమాన మెకానిక్కు పనిలో సాఫల్యమనగా ఏమియు జరుగకుండుటయే. ఇంజను ఆగలేదు, చక్రము ఊడలేదు, ప్రయాణికుడు క్షేమముగా ఇల్లు చేరెను అను వార్తను ఏ పత్రికయు అచ్చువేయదు. ఇంటిలో ఇల్లాలు చేయు పనియు ఇట్టిదే; సాగినంతకాలము ఎవరి కంటను పడదు, ఒక్కపూట ఆగినప్పుడే అందరికిని తెలిసివచ్చును. కావున ఇట్టివారిని చరిత్ర విడిచిపెట్టుట ద్వేషముచేత కాదు, తన స్వభావముచేత. ఆ కొరతను తీర్చుట స్మృతి చేయవలసిన పని. హ్యాంగరులోని జాగ్రత్తయు ఇంటిలోని మమకారమును వేర్వేరు గుణములు కావనియు, రెండింటికిని మూలము ఒక్కటే యైన శ్రద్ధ యనియు, ఆ శ్రద్ధగలవారిని వారు బ్రతికియుండగా గుర్తింపనేరని సమాజముగా మనము మిగులరాదనియు మనవి చేయుటయే నేటి నా ప్రయత్నము.

టేలర్ పండ్రెండవ యేటనే బడి మానివేసి, నెబ్రాస్కాలో ఒక పత్రికాకార్యాలయపు పుస్తకాలు కుట్టు విభాగమున చిల్లర పనులకు కుదిరెను. యంత్రములయెడ సహజముగా కలిగిన ఆసక్తియే ఆయనకు పాఠశాల యైనది. హెన్రియెట్టా వెబర్ట్ అను యువతిని పెండ్లాడి, సంసారముతో ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణమునకు చేరెను. రైట్ సోదరుల సైకిలు కొట్టు ఆమె బంధువుల కట్టడములోనే యుండెను. ఆ చుట్టరికమే పరిచయమునకు దారియైనది. 1901 జూనులో విల్బర్, ఓర్విల్ రైట్‌లు ఆయనను వారమునకు 18 డాలర్ల జీతముపై పనిలోనికి తీసికొనిరి. ఆ పని విమానములు చేయుట కాదు. సైకిళ్లు బాగుచేయుట, సోదరులిరువురును కిట్టీ హాక్ ఇసుకదిబ్బలకు గ్లైడర్లతో పోయినప్పుడు కొట్టు చూచుకొనుట. నమ్మి తాళపుచెవులు అప్పగింపదగిన మనిషి వారికి కావలసియుండెను, దొరకెను. వైమానిక చరిత్రలో టేలర్ ప్రవేశము ఇంత సామాన్యముగా జరిగినది.

1902 చివరకు గ్లైడరు వారికి స్వాధీనమైనది. ఇక ఇంజను కావలెను. తేలికగా నుండి 8 అశ్వశక్తుల బలమిచ్చు ఇంజను కొరకు సోదరులు పలువురు తయారీదారులకు జాబులు వ్రాసిరి. ఎవరివలనను కాలేదు. అప్పుడు ఆ కొట్టు వెనుక గదిలో, ఒక లేతు మిషను, ఒక డ్రిల్లింగు మిషను, కొన్ని చేతి పనిముట్లు, ఇంతమాత్రపు సాధనసంపత్తితో, అంతకుముందు ఒక్క పెట్రోలు ఇంజనును బాగుచేయజూచుట మాత్రమే యెరిగిన టేలర్ ఆ పనికి పూనుకొనెను. పద్ధతిగా గీచిన పటములు లేవు. ముగ్గురును కూర్చుండి ఏ భాగము ఎట్లుండవలెనో మాటలాడుకొని చిత్తుకాగితముపై గీచుకొందురు. ఆ కాగితమును టేలర్ తన పనిబల్ల ముందర గుచ్చుకొని, దానిని చూచుచు లోహమును మలచును.

క్రాంక్‌షాఫ్టు చేసిన విధమును కొంచెము నిదానముగా చెప్పుదును. 31 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు, ఒకటిన్నర అంగుళమునకు మించిన మందముగల ఒక ఉక్కుదిమ్మ తెచ్చిరి. దానిపై కావలసిన ఆకారమును గీచి, ఆ గీత వెంబడి వరుసగా, ఒకదానిప్రక్క నొకటిగా, డ్రిల్లుతో రంధ్రములు పొడిచి, అనవసరమైన ఉక్కును ఉలితో సుత్తితో కొట్టి రాల్చివేసి, మిగిలిన గరుకు రూపమును లేతుకెక్కించి, వెండ్రుకవాసి తేడా రాకుండ చెక్కుకొనుచు పోగా, తుదకు 19 పౌనుల షాఫ్టు మిగిలినది. ఇనుమును కరగించి అచ్చులో పోసినవాడు తప్పు చేసినచో మరల కరగించి పోయవచ్చును. దిమ్మను తొలిచినవాడు ఒక్క గాటు లోతుగా వేసినచో మరల అతికింపలేడు. ఆ పని కావలసినంత నిదానము మనిషిలో నున్నచో గాని సాగదు. ఇంజనుపెట్టె అల్యూమినియముతో పోయబడినది, నాలుగు సిలిండర్లు, కార్బురేటరు అని చెప్పదగినది లేదు. ఆరు వారములలో ఇంజను పూర్తియైనది. 1903 ఫిబ్రవరిలో పరీక్ష మొదలిడిన రెండవనాడే బేరింగులు బిగుసుకొని ఇంజనుపెట్టె పగిలెను. మరల పోత పోయించి, మరల కూర్చి నడిపింపగా, కోరిన 8 అశ్వశక్తులకు బదులు 12 వచ్చెను.

1903 డిసెంబరు 17న కిట్టీ హాక్‌లో ఓర్విల్ 12 సెకండ్లపాటు 120 అడుగులు ఎగిరిన వేళ టేలర్ అచట లేడు. అంతకుముందు ప్రొపెల్లరు షాఫ్టులు చెడి డేటన్‌కు వచ్చినప్పుడు వాటిని బలపరచి పంపినవాడు ఆయనయే. ఆ చరిత్రాత్మక క్షణమున మాత్రము కొట్టులో నుండెను. చేసినవాడు చూడలేదు. కాని ఆనాటి నాలుగవ యానమున విల్బర్ 59 సెకండ్లలో 852 అడుగులు సాగిపోయినప్పుడు, ఆ 59 సెకండ్లును ఆగక తిరిగినది చార్లీ తొలిచిన ఉక్కు.

పిమ్మట డేటన్ చెంతనున్న హఫ్‌మన్ ప్రెయిరీ మైదానమున విమానములను సిద్ధపరచుచు, సోదరులు ఐరోపాకు పోయినప్పుడు తానును వెంట పోవుచు, ఆయన ఆ యింటి మనుష్యులలో నొకడయ్యెను. సోదరులు పొగాకు ముట్టరు. ఈయన చుట్ట ఆర్పడు. వారి చెల్లెలు క్యాథరీన్‌కు ఈయనకు పొసగెడిది కాదు. అయినను పని వచ్చినప్పుడు ఆయన మాటకు ఎదురులేదు. తానును ఎగురుట నేర్చుకొనవలెనని టేలర్ ముచ్చటపడెను, సోదరులు ఒప్పుకొనరైరి. ఎగురుట వచ్చినచో ప్రదర్శనలకని దేశములు పట్టిపోవుననియు, తమకు మరల చిక్కడనియు వారి భయము. మంచి మెకానిక్కు పొందు గౌరవమును, పడు నష్టమును కూడ ఆ నిరాకరణమునందే ఇమిడియున్నవి: నీవు లేనిదే మాకు సాగదు, కావున నీవు నేలమీదనే యుండుము.

1908 సెప్టెంబరు 17న వాషింగ్టన్ సమీపమునగల ఫోర్ట్ మయర్‌లో సైన్యాధికారుల ఎదుట ఓర్విల్ విమానము నడుపుచుండగా, ఆయన ప్రక్కన కూర్చుండవలసినవాడు తొలుత టేలరే. చివరి నిమిషమున లెఫ్టినెంట్ థామస్ సెల్‌ఫ్రిడ్జ్‌కు చోటిచ్చి దిగెను. విమానము కూలెను, సెల్‌ఫ్రిడ్జ్ మరణించెను, ఇంజను విమానప్రమాదములో ప్రాణము కోల్పోయిన మొదటివాడు ఆయనయే. ఓర్విల్ ఎముకలు విరిగినవి. శిథిలములనుండి ఇరువురిని వెలికిదీసినవారిలో నుండిన టేలర్, ఆ ముక్కల కానుకొని భోరున ఏడ్చెను. ఓర్విల్ బ్రదుకునని వైద్యుడు చెప్పినపిమ్మట గాని శాంతింపలేదు. అటుపిమ్మట ఆయన చేసినదేమనగా, విరిగిన భాగములను పరిశీలించుట. ప్రొపెల్లరు రెక్క చీలి, అదిరి, వెనుక చుక్కానిని పట్టియుంచు తీగెకు తగిలినది, అదియే ప్రమాదకారణము. కన్నీరు తుడుచుకొని కారణము వెదకిన ఆ మనిషిని చూడుడు: ప్రేమ ఒకచోట, విజ్ఞానము మరొకచోట నిలువలేదు. ఎవనికొరకు ఏడ్చెనో వానికొరకే ఆ ముక్కలను త్రిప్పి చూచెను. నేడు ప్రమాదము జరిగిన ప్రతిచోటను నిపుణులు పూనుకొను పరిశోధనయంతయు ఈ మార్గముననే నడచుచున్నది.

ఆయన సంసారపక్షమును గూర్చి ఒక ఉదంతము చాలును. 1911 సెప్టెంబరు 17న కాల్ రాడ్జర్స్ అను సాహసికుడు, ఒక ద్రాక్షపానీయము పేరున ‘విన్ ఫిజ్’ అని నామకరణమైన రైట్ విమానముపై, అమెరికా తూర్పుతీరమునుండి పడమటితీరమునకు బయలుదేరెను. దినమునకు 10 డాలర్ల జీతముపై టేలర్ ప్రత్యేక రైలులో వెంబడించి, పడినచోట నెల్ల విమానమును మరల నిలబెట్టుచు పోయెను; నవంబరు 5న పసడీనా చేరునప్పటికి, బయలుదేరిననాటి విమానపు భాగములలో మిగిలినవి బహుస్వల్పము. భార్యాబిడ్డలను ముందుగా కాలిఫోర్నియాకు పంపియుండిన టేలర్‌కు దారిలో భార్య అస్వస్థురాలైనదన్న కబురు తెలిసెను. ఆయన లోకమంతయు చూచుచున్న యాత్రను విడిచి ఆమె కడకు పోయెను. తాను లేకున్నను రెంచి పట్టువారు రైలులో కలరు. రోగశయ్య ప్రక్కన తనకు మారు మరియొకడు లేడు. ఎచట తన శ్రద్ధకు ప్రతినిధి లేడో అచటికి పోవుటలో ఆయనకు సందేహము కలుగలేదు.

ఉత్తరార్ధము విషాదకరము. 1920 ప్రాంతమున రైట్ కంపెనీల పని ముగిసెను. కాలిఫోర్నియాలో పెట్టుకొనిన యంత్రాల కొట్టు ఆర్థికమాంద్యమున మూతపడెను, సాల్టన్ సరస్సు ప్రాంతపు భూములపై పెట్టిన సొమ్ము మునిగెను, భార్య గతించెను. లాస్ ఏంజిలిస్‌లో ఒక విమానకర్మాగారమున, తానెవరో ఎవరికిని చెప్పుకొనక, మామూలు కూలికి పనిచేయుచుండిన టేలర్‌ను 1937లో హెన్రీ ఫోర్డ్ మనుష్యులు వెదకి పట్టుకొనిరి. రైట్ సోదరుల కొట్టును డియర్‌బార్న్‌లో పునర్నిర్మింప దలచిన ఫోర్డ్‌కు, ఏ మిషను ఎచట నుండెనో చెప్పగలవాడు ఆయన తప్ప వేరెవ్వరును దొరకలేదు. ప్రక్క బల్లవద్ద నిలిచినవాడు మొదటి విమానపు ఇంజను చేసిన మహానుభావుడని ఆ కర్మాగారమున ఎవరికిని తెలియకపోవుట టేలర్ వినయమునకు నిదర్శనమని కొందరందురు. అది లోకపు అశ్రద్ధకును నిదర్శనమని నేనందును.

ఓర్విల్ రైట్ 1948 జనవరి 30న మరణించెను. ఆ దినము మన దేశమున బాపూజీ నేలకొరగిన దినము గనుక, ఓర్విల్ మరణవార్త మనకు ఆ దుఃఖములో వినబడియుండదు. తన వీలునామాలో ఆయన టేలర్‌కు ఏడాదికి 800 డాలర్ల భృతి ఏర్పరచిపోయెను. 1955లో ఒక పత్రికారచయిత టేలర్‌ను ధర్మాసుపత్రి వార్డులో కనుగొనెను. అప్పుడు గాని విమానపరిశ్రమ కదలి చందాలు పోగుచేసి ఆయనను మంచి వైద్యశాలకు మార్చలేదు. మరుసటి యేట, ఓర్విల్ పోయిన తేదీననే ఆయనయు పోయెను. నేడు అమెరికాలో 50 ఏండ్లు ఈ వృత్తిలో గడపినవారికి ఇచ్చు గౌరవపురస్కారము ఆయన పేరుననే యున్నది. బ్రతికియున్ననాడు ధర్మాసుపత్రి, పోయినపిమ్మట పురస్కారము: ఈ క్రమము మనకును క్రొత్త కాదు.

గుండెజబ్బుచేత టేలర్ పనిముట్లు శాశ్వతముగా క్రిందపెట్టిన 1945వ సంవత్సరముననే, నిజాము ప్రభుత్వము టాటాలతో కూడి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేటలో వెలసినది. 1953 ఆగస్టు 1న అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. అనేక సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగమిచ్చిన కీర్తి డెక్కన్ ఎయిర్‌వేస్‌ది. భారతదేశపు మొదటి మహిళా వాణిజ్య పైలట్‌గా ఆమె పేరు నిలిచినది, నిలువవలసినదే. ఆమె ఎక్కిన డకోటా విమానములను తెల్లవారుజామున సిద్ధపరచిన చేతుల పేర్లను అట్లు చెప్పగలవారు ఈ సభలో నెందరు?

ఆ డకోటాల మాట నేటి యువకులకు తెలియవలెను. ఒక్కొక్క ఇంజనుకు వలయాకారమున 14 సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరుకు రెండు స్పార్కుప్లగ్గులు. రెండు ఇంజన్లకు కలిపి 56. రాత్రి నిలిచిన ఇంజనులో నూనె క్రమముగా క్రింది సిలిండర్లలోనికి దిగి నిండును. ఆ స్థితిలో ఒక్కసారిగా స్టార్టు చేసినచో నూనె నలుగదు గనుక లోపలి కడ్డీ వంగును. అందుచేత మెకానిక్కులు తెల్లవారకముందే ప్రొపెల్లరు రెక్కలను ఒకదాని వెంట నొకటిగా చేతులతో త్రిప్పుదురు. ఎచటనైన బిగుసుకొన్నచో బలము చూపరాదు. ఆగి, క్రింది ప్లగ్గులు విప్పి, నూనె దించి, మరల బిగింపవలెను. బలవంతము చేయవలసిన చోటును, ఆగవలసిన చోటును అరచేయియే చెప్పవలెను. బోల్టు బిగించిన పిమ్మట దాని తలకు కట్టు సేఫ్టీ వైరు సంగతియు అట్టిదే: బోల్టు వదులుకాజూచినచో, ఆ తీగె దానిని బిగింపు దిక్కునకే లాగునట్లు మెలివేయవలెను. తప్పుదిక్కున కట్టినవాని తీగె చూపునకు చక్కగానే యుండును; ఆపదకు మాత్రము అక్కరకు రాదు.

ఇంతయు ముగిసిన పిమ్మట సంతకము. లైసెన్సుగల ఇంజనీరు సంతకము పడనిదే విమానము కదలరాదని నిబంధన. ఆ సంతకముతో ఒక మనుష్యుడు, తానెన్నడును చూడని, తనపేరు ఎన్నడును వినని ప్రయాణికుల ప్రాణములకు పూచీపడుచున్నాడు. బంధుత్వమనగా ఇంతకంటె ఏమున్నది? ఇంటిలో బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి నుదుటిపై చేయివేసి చూచు తండ్రియు, హ్యాంగరులో ఇంజనుపై చేయివేసి వేడి చూచు మెకానిక్కును ఒక్కడే. ఇంటిలో నేర్చినది అచటను, అచట నేర్చినది ఇంటిలోను పనికివచ్చును. మెకానిక్కు ఇంట గ్యాసుపొయ్యి గొట్టము, పిల్లవాని సైకిలు బ్రేకు, తలుపు గడియ, ఏదియు రెండుమారులు చూడబడక వదలబడదని ఇచట కూర్చున్న గృహిణులు నవ్వుచు సాక్ష్యమిత్తురు.

అయితే ఆ శ్రద్ధకు మూల్యము చెల్లించినవారు కూడ ఈ గృహిణులే. విమానములు పగలు ఎగురును గనుక మెకానిక్కు రాత్రి మేలుకొనవలెను. నాన్న నిద్రపోవుచున్నాడు, అల్లరి చేయకుమని పగటివేళ పిల్లల నోరు మూయించిన తల్లులు, దసరానాడు హ్యాంగరులో రెంచీలకు, సుత్తులకు కుంకుమపెట్టి ఆయుధపూజ చేయుచుండిన భర్తకొరకు ఇంటిలో పిండివంటలతో ఎదురుచూచిన ఇల్లాండ్రు, ఆ విమానములకు చేసిన సేవ ఏ లాగ్‌బుక్కునను వ్రాయబడలేదు. హెన్రియెట్టా టేలర్ పేరు నేను మొదట ఎత్తుట ఇందుకొరకే. సంతకము ఒకనిది, దానివెనుక నిద్రలేమి ఇంటిల్లిపాదిది.

2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము తెరువబడగా, బేగంపేట సామాన్య ప్రయాణికులకు మూసివేయబడినది. ఆ దారిలోని అమీర్‌పేట నేడు కంప్యూటరు శిక్షణకేంద్రముల పేట. వేలకొలది యువకులు కొన్ని వారములలో విద్య ముగించుకొని ఉద్యోగము పట్టవలెనని అచటికి వచ్చుచున్నారు. అందు దోషము లేదు. టేలరును ఆరు వారములలోనే ఇంజను చేసెను. కాని ఆ ఆరు వారముల వెనుక పండ్రెండవ యేటినుండి చేతులు నేర్చిన విద్య కలదని వారికి చెప్పవలసినవారు మీరు. శంషాబాదు హ్యాంగర్లలో నేడు పనిచేయుచున్న తెలుగు బిడ్డలకు కంప్యూటరు తెరపై లోపము కనబడుచున్నది; ఆ లోపమును దాటవేయక నిలుచు మనస్సు మాత్రము తెరపై కనబడదు, పెద్దలనుండియే సంక్రమింపవలెను.

కావున నా మనవి స్తోత్రముతో ముగియదు, ఒక కార్యముతో ముగియును. మీ బీరువాలలో పాత లైసెన్సులు కలవు, లాగ్‌బుక్కులు కలవు, చేతివ్రాతలో నిండిన నోటుపుస్తకములు కలవు. వాటిని పాతసామానుల వానికి వేయకుడు. డకోటా నాళ్లనుండి ఎయిర్‌బస్ నాళ్లవరకు ఏ రాత్రి ఏ చిక్కు వచ్చెనో, ఎట్లు విడిపోయెనో మీ మాటలలో, మన తెలుగులో, వ్రాయుడు. వ్రాయ ఓపిక లేనివారు మనుమలచేత వ్రాయించుడు. మీ భార్యలచేతను చెప్పించుడు, ఆ కథలో సగము వారికడనే యున్నది. ఇంగ్లీషున టేలర్‌కు జీవితచరిత్ర కలిగినది; కాని ఒక పత్రికారచయిత ఆయనను ధర్మాసుపత్రిలో కనుగొన్న పిమ్మట గాని పరిశ్రమ కదలలేదు. మనము అంతవరకు ఆగనక్కరలేదు. అడుగవలసినవారును చెప్పవలసినవారును నేడు ఈ సభలోనే ఒకరిప్రక్క నొకరు కూర్చున్నారు. రాబోవు మే 24 నాటికి అట్టి వ్రాతలు పది వచ్చినను, వచ్చే యేడు ఈ వేదికపై ఉపన్యాసకుని అక్కర లేదు. మీరే చదువవచ్చును, మేము విందుము.